నా టూర్ రిపోర్టులో రాయని భద్రాచలం



ఈ గ్రూపులో చేరి రెండేండ్లయింది. అన్నలు, అక్కలు రాసేవన్నీ చదువుత. హాస్టల్‌లో లైట్లు తీసేసినంక దుప్పట్ల ఫోన్ పెట్టుకొని చదివిన పోస్టులు కూడా ఉన్నయ్. కానీ నేను ఇప్పటిదాకా ఒక్కటి రాయలే. ఇదే మొదటిది. కొంచెం పెద్దగనే ఉంటది, ఓపికతోని చదవండి. తప్పులుంటే పెద్దలు సరిచేయండి.

మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, పినపాక మండలం. కోయోళ్లం. హన్మకొండలో ఎస్టీ హాస్టల్‌లో ఉంటూ డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్న, హిస్టరీ. మా ఇంట్ల కాలేజీ మెట్లు ఎక్కిన మొదటోన్ని నేనే. ఫిబ్రవరిలో మా డిపార్ట్‌మెంట్ వాళ్లు ఒక్క రోజు టూర్ పెట్టిన్రు, భద్రాచలం. తిరిగొచ్చినంక ఒక్కొక్కరు నాలుగు పేజీల రిపోర్టు రాసియ్యాలె. రాసిన. ఇరవైకి పదిహేడు మార్కులు వచ్చినయ్. మేడం "బాగా రాశావ్" అని కూడా అన్నది. కానీ ఆ రోజు నాకు జరిగిన అసలు సంగతి ఆ నాలుగు పేజీలల్ల లేదు. ఆ లేనిది ఇక్కడ రాస్తున్న, ఎందుకంటే ఇది మీకే అర్థమైతది.

టూర్‌కు మనిషికి ఎనిమిది వందలు. అమ్మకు ఫోన్ చేసి అడగాలంటే నోరు రాలే. రెండు రోజులు ఆగి చేసిన. "రాముడి గుడికే గదా, పో బిడ్డా" అన్నది. మిర్చి ఏరిన కూలి పైసలు పక్కింటి అన్నతోని ఫోన్‌పే చేయించింది. మిర్చి కూలికి పోయేటోళ్ల ఇండ్లల్ల పుట్టినోళ్లకు నేను చెప్పేదేముంది. ఎనిమిది వందలంటే ఎన్ని దినాలు నడుము వంచాల్నో, రాత్రిపూట చేతులు ఎట్ల మండుతయో మీకు తెలుసు.

తెల్లారగట్ల నాలుగింటికి హన్మకొండలో బస్సెక్కినం. ములుగు, పస్రా దాటి తాడ్వాయి వచ్చేసరికి ఇంకా చీకటే. అక్కడ మేడారం పోయే తొవ్వ వస్తది. ఎవరో "సమ్మక్క తల్లీ" అన్నరు, అంతే, నిద్రపోతున్నోళ్లు కూడా లేచి కిటికీలకెల్లి దండం పెట్టిన్రు. ఆ బస్సుల ఉన్న నలభై మందిల మేడారం పోనోళ్లు ఒక్కరు కూడా లేరు. బెల్లం ఎత్తు తూగినోళ్లు ఉన్నరు. చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణ రూపంలో తల్లిని తెచ్చేది కోయ వడ్డెలే అని వాళ్లకు తెలుసు. తల్లి కోయ ఆడబిడ్డ అని చిన్న పిల్లలకు కూడా తెలుసు. నేను కూడా దండం పెట్టిన. కానీ "మా తల్లి" అని ఎవరితోని అనలే.

ఏటూరునాగారం, మంగపేట దాటినంక తెల్లారింది. ఏడూళ్ల బయ్యారం అడ్డరోడ్డు దగ్గర బస్సు స్లో అయింది. అక్కడి నుంచి మా ఊరు దగ్గరే. మిర్చి తోటలకు పోయే ఆడోళ్లు ట్రాలీ ఆటోల నిలబడి ఉన్నరు, తలలకు తువ్వాలలు కట్టుకొని, చేతుల్ల టిఫిన్ డబ్బాలు పట్టుకొని. వాళ్లల్ల అమ్మ ఉందేమో అని చూసిన. కనిపించలే. కనిపిస్తే ఏం చేసేటోన్నో నాకు ఇప్పటికీ తెల్వదు. కిటికీల నుంచి చెయ్యి ఊపేటోన్నా, తల లోపలికి తీసుకునేటోన్నా? నా పక్క సీటోడు "ఇక్కడ అంతా అడవే గదా మామా, మనుషులు ఎట్ల ఉంటరో" అన్నడు. నేను "అవును" అన్న. మా ఊరి బస్టాప్ పక్కనుంచి పోతూ "అవును" అన్న.

మణుగూరు వచ్చింది. బొగ్గు లారీలు, దుమ్ము. ఈ మండలంల కూనవరం అనే ఊరుంది. సకిని రామచంద్రయ్య గారి ఊరు. కంచుమేళం వాయిస్తూ సమ్మక్క సారలమ్మ చరిత్రను, మన వేల్పుల కథలను కోయ భాషల పాడిన డోలి కళాకారుడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో చనిపోయిండు. హిస్టరీ చదివే పిల్లలం ఆ ఊరి దగ్గరి నుంచి పోతున్నం, బస్సుల ఒక్కరు కూడా ఆ పేరు ఎత్తలే. నాకు తెలుసు. నేను కూడా ఎత్తలే.

సారపాకలో గైడ్ ఎక్కిండు. ముప్పై అయిదేండ్లు ఉంటయేమో, మంచి గొంతు, మంచి మనిషి. ముందే చెప్తున్న, ఈ పోస్టు ఆయన మీద కంప్లయింట్ కాదు. బస్సు గోదావరి వంతెన మీదికి వచ్చింది. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన పాత వంతెన, పక్కన కొత్తది. మైకు పట్టుకొని గైడ్ మొదటి ప్రశ్న అడిగిండు:

"ఇంతకుముందు భద్రాచలం ఎవరైనా చూశారా? చేతులెత్తండి!"

పది, పన్నెండు చేతులు లేసినయ్. నేను ఎత్తలే.

నేను అప్పటికి భద్రాచలం మూడుసార్లు వచ్చిన. ఏడేండ్లప్పుడు మలేరియా వచ్చి పెద్ద దవాఖానల నాలుగు రోజులు పండుకున్న. టెన్త్ అయినంక నాయినతోని ఒక సోమవారం ఐటీడీఏల గిరిజన దర్బార్‌కు వచ్చిన, దరఖాస్తు పట్టుకొని చెట్టు కింద కూసున్నం. మూడోసారి ఇంటర్‌లో, ఇంకో కాయితం పని మీద. మూడుసార్లూ గుడి గోపురం దూరం నుంచే చూసిన. ఆ పెద్ద దవాఖాన గేటు ఎక్కడుంటదో, ఐటీడీఏ ముందట ఎవరు చాయ్ మంచిగ పోస్తరో నాకు తెలుసు. మా దిక్కు భద్రాచలం పోతున్నమంటే ముందు "ఎవరికి బాగాలేదు?" అని అడుగుతరు. అది "చూసుడు" కిందికి వస్తదా రాదా అని ఆలోచిస్తుండంగనే చేతులు దించేసిన్రు.

కానీ నిజం చెప్పాలంటే ఆలోచన ఒక్కటే కాదు కారణం. చెయ్యి ఎత్తితే "ఎప్పుడు వచ్చినవ్, ఎందుకు వచ్చినవ్, మీదేఊరు" అని అడుగుతరు. ఫస్టియర్‌ల మా ఊరి పేరు చెప్పినప్పుడు ఒకడు "అయితే కోయదొరవా? నా చెయ్యి చూసి జాతకం చెప్పు" అన్నడు. అందరూ నవ్విన్రు. నేను కూడా నవ్విన. ఆ పేరు నాకు ఆరు నెలలు అంటుకున్నది. వాడు చెడ్డోడు కాదు, పరీక్షలప్పుడు నోట్సు ఇచ్చేది కూడా వాడే. కానీ అప్పటి నుంచి నేను ఊరు అడిగితే "మణుగూరు దగ్గర" అంటున్న. మణుగూరు అంటే సింగరేణి అనుకుంటరు, అక్కడికి ముచ్చట ఆగుతది.

గోదావరి స్నానాల ఘాట్ దగ్గర దిగినం. వరద హెచ్చరికల గురించి గైడ్ మంచిగ చెప్పిండు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టుల 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైల 71 అడుగులు దాటింది. "బాప్ రే" అనుకుంట అందరూ ఫొటోలు దిగిన్రు. 2022ల నేను ఇంటి దగ్గరే ఉన్న. మా చేను మీద నీళ్లు ఎన్ని రోజులు నిలబడ్డయో నాకు అడుగులతోని పని లేకుండనే యాది ఉన్నది.

తర్వాత మెట్లెక్కి గుడికి పోయినం. మేరువు కొడుకు భద్రుడు తపస్సు చేసి కొండ అయిండని, అందుకే భద్రాచలం అని చెప్పిండు. ఇక్కడ రాముడికి నాలుగు చేతులు, సీతమ్మ ఎడమ తొడ మీద కూసుంటది, ఇట్లాంటి మూర్తి అరుదు అని చెప్పిండు. తర్వాత గుడి చరిత్ర మొదలుపెట్టిండు. మొదటి మాట ఇది:

"పోకల దమ్మక్క అనే గిరిజన భక్తురాలికి స్వామి కలలో కనిపించి పుట్టలో ఉన్నానని చెప్తే, ఆవిడ బయటికి తీసి పూజించింది. తర్వాత కంచర్ల గోపన్న గారు..."

అంతే. దమ్మక్కకు అర నిమిషం. గోపన్నకు ఇరవై నిమిషాలు. నేలకొండపల్లిల పుట్టుడు, అక్కన్న మాదన్నలకు మేనల్లుడు, పాల్వంచ పరగణాకు తహశీల్దారు, శిస్తు డబ్బు ఆరు లక్షలతోని గుడి కట్టుడు, గోల్కొండ ఖిల్లాల పన్నెండేండ్ల జైలు, రామలక్ష్మణులు పడుచు సిపాయిల లెక్క తానీషాకు కనిపించి పైసలు కట్టుడు, తానీషా అప్పటి నుంచి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపుడు. మంచిగ చెప్పిండు. జైలు ముచ్చట కాడ ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు కండ్లు తుడుచుకున్నరు. గోపన్న చేసింది చిన్నది కాదు, పడ్డ కష్టం చిన్నది కాదు. రామదాసు చేయించిన పచ్చల పతకం, చింతాకు పతకం గురించి కూడా చెప్పిండు.

కానీ నా మనసు దమ్మక్క దగ్గరనే ఆగిపోయింది. గుడి స్థలపురాణంలోనే ఆమె గురించి ఇంకా ఉన్నది. ఆమెది భద్రారెడ్డిపాలెం అంటరు. కల వచ్చినంక వెతుక్కుంట పోయి పుట్టను కనుక్కున్నది. గోదావరి నీళ్లు తెచ్చి పుట్ట మీద పోసి, మన్ను కరిగించి మూర్తులను చూసింది. చిన్న పందిరి వేసి అడవిల దొరికిన పండ్లు నైవేద్యం పెట్టింది. గోపన్న వచ్చేదాకా ఆ పందిరే గుడి. ఆ మెట్ల మీద నిలబడి కిందికి చూసిన. గోదావరి ఎక్కడో కింద ఉన్నది. మెట్లు లేని రోజుల్ల ఒక ఆడమనిషి ఆ నీళ్లను గుట్ట మీదికి ఎన్నిసార్లు మోసి ఉంటది? గైడ్ చెప్పిన "బయటికి తీసి" అన్న రెండు మాటలల్ల ఆ మోతంతా ఉన్నది.

ఇంకో ఆలోచన కూడా వచ్చింది. హిస్టరీ పిల్లగాన్ని కాబట్టి వచ్చిందేమో. గోపన్న ఖర్చుపెట్టింది శిస్తు డబ్బు. తానీషా గోల్కొండను ఏలింది 1672 నుంచి 1687 దాకా. ఆ కాలంల పాల్వంచ పరగణా అంటే ఇగో ఈ అడవులు, ఈ ఊర్లు. ఆ శిస్తు కట్టింది ఎవరు? దేవుడు వచ్చి తిరిగి కట్టింది రాజుకు. మేడారం కథల కూడా పన్నే ఉన్నది: కరువుల కప్పం కట్టలేమన్నందుకే కాకతీయుల సైన్యం వచ్చింది, పగిడిద్దరాజు, సారలమ్మ, జంపన్న పోయిన్రు, సమ్మక్క చిలకలగుట్ట దిక్కు పోయి మాయమైంది అని మనోళ్లు చెప్తరు. మా బస్సు ఒక్క పొద్దున్నే ఈ రెండు కథల మధ్యల నుంచి వచ్చింది. ఈ ప్రశ్న మేడంను అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలే. రిపోర్టుల కూడా రాయలే.

అన్నం తిన్నంక పర్ణశాలకు బయలుదేరినం. దుమ్ముగూడెం మండలం, భద్రాచలం నుంచి ముప్పై అయిదు కిలోమీటర్లు. ఊరు దాటంగనే ఎటపాక, ఆంధ్ర. 2014ల పోలవరం కోసం ఏడు మండలాలు అటు కలిపినప్పుడు గుడి ఉన్న పట్టణం ఇటు మిగిలింది, ఆనుకొని ఉన్న ఊర్లు అటు పోయినయ్. అందుకే భద్రాచలం నుంచి మన దుమ్ముగూడెం, చర్ల పోవాలంటే మధ్యల ఆంధ్ర దాటి పోవాలె. బస్సుల అందరికీ అది తమాషాగ అనిపించింది, "అరే, ఆంధ్ర వచ్చింది, అరే, మళ్లీ తెలంగాణ" అనుకుంట. ఎటపాకలనే రావణుడితోని కొట్లాడి జటాయువు రెక్క తెగి పడ్డదని గైడ్ చెప్పిండు. ఆ ఏడు మండలాలల్ల మునిగే ఊర్లల్ల ఎక్కువ కోయ ఊర్లే, కొండరెడ్ల ఊర్లే. ఆ ముచ్చట టూర్ల లేదు.

పర్ణశాలల రంగులేసిన బొమ్మలున్నయ్: బంగారు జింక, సన్యాసి వేషంల రావణుడు, గడప దగ్గర సీతమ్మ. "పర్ణశాల అంటే ఆకులతో వేసిన ఇల్లు. అంతటి మహారాజు కొడుకు ఇట్లాంటి గుడిసెలో కాపురం చేశాడంటే ఆలోచించండి" అన్నడు గైడ్. నా పక్కన ఒక అమ్మాయి "పాపం" అన్నది. మా బాపమ్మ ఇల్లు మొన్నమొన్నటిదాకా తాటాకు ఇల్లే. మా నాయిన అందులోనే పుట్టిండు. నేను అందులోనే పెరిగిన. ఎండాకాలం ఆ ఇంట్ల ఉన్నంత సల్లగ ఇప్పటి రేకుల ఇంట్ల ఉండదు. "పాపం" అన్న మాట నన్ను అన్నట్టే అనిపించింది, కానీ ఆ అమ్మాయి సీతమ్మను అన్నది. ఏమనాలె?

సీతవాగు దిక్కు పోయే తొవ్వల ఒక ముసలామె రేగుపండ్లు అమ్ముతున్నది. మోదుగాకు దొప్పలల్ల పోసి పెట్టింది. పక్కన ఏడెనిమిదేండ్ల మనుమరాలు. మావోళ్లు చుట్టూ మూగి బేరమాడిన్రు. దొప్ప పది రూపాయలు అన్నది. "పదికి రెండియ్యవా" అంటే తల ఊపింది. ఒకడు ఆమె తెలుగును యాస తీసి అన్నడు, నలుగురు నవ్విన్రు. ఆమె మనుమరాలి దిక్కు తిరిగి కోయల ఏదో అన్నది.

"ఏం భాష అన్నా ఇది?" అని గైడ్‌ను అడిగిన్రు.

"వాళ్ల భాష. లిపి లేదు. మనకి అర్థం కాదులే."

నాకు అర్థమైంది. బాపమ్మ అదే భాష మాట్లాడుతది. నాయినకు సగం వస్తది. నాకు వింటే తెలుస్తది, మాట మాత్రం నోటికి రాదు. ఆమె మనుమరాలితోని అన్నది నా గురించి. ఈ పిలగాడు మనోని లెక్కనే ఉన్నడు, ఎండకు మొఖం వాడిపోయింది, నీళ్లు ఇయ్యి అన్నది. ఆ పిల్ల బాటిల్ పట్టుకొని నా ముందట నిలబడ్డది.

"ఏర్" అన్నది.

ఏర్ అంటే నీళ్లు. నేను పుట్టినంక విన్న మొదటి పది మాటలల్ల అది ఒకటి అయి ఉంటది. మావోళ్లందరూ చూస్తున్నరు. నాకు నిజంగనే దూప అయితున్నది. నేను తెలుగుల, అది కూడా పుస్తకం తెలుగుల, "వద్దమ్మా, నా దగ్గర ఉన్నాయి" అన్న.

ఆ పిల్లకు అర్థం కాలే. ముసలామెకు అయింది. నా మొఖం ఒక్కసారి చూసి, మళ్లీ దొప్పలు సర్దుకున్నది. తిట్టలే, ఏమనలే. మనోడు కాదేమో అనుకున్నది కావచ్చు, లేకుంటే మనోడే అని తెలిసి ఊకున్నది కావచ్చు. ఆ తర్వాత సీతమ్మ చీర ఆరేసిన ఆనవాళ్లు అని రాళ్ల మీద చారలు చూపించిన్రు. నేను ఏం చూసిన్నో నాకు యాదికి లేదు. నా రిపోర్టుల మాత్రం ఆ చారల గురించి అర పేజీ ఉన్నది.

సాయంత్రం భద్రాచలం తిరిగొచ్చి ఐటీడీఏ ఆవరణల గిరిజన మ్యూజియంకు పోయినం. టైం తక్కువుంది, అరగంటల చూడాలన్నరు. నాయినతోని కూసున్న జాగ కూడా ఆ ఆవరణల్నే. లోపల విల్లు బాణాలు, డోలు, చేపలు పట్టే వెదురు బుట్ట, కొమ్ములు కట్టిన తలపాగ, ఎండిన సొరకాయ బుర్ర. గైడ్ అన్నడు:

"ఇవన్నీ పూర్వకాలంలో గిరిజనులు వాడిన వస్తువులు."

నాకు కోయదొర అని పేరు పెట్టినోడే సొరకాయ బుర్ర చూపించి "ఇదేందిరా, దీంతోని ఏం చేస్తరు?" అన్నడు. ఎవరినో అడగలే, ఊరికే అన్నడు. నా నోట్ల నుంచి ఎట్ల వచ్చిందో వచ్చింది:

"నీళ్లకు. పూర్వకాలం కాదు. మా బాపమ్మ మొన్న సంక్రాంతికి కూడా చేనుకు దాంట్లనే నీళ్లు తీసుకపోయింది. ప్లాస్టిక్ బాటిల్ కంటే సల్లగుంటయ్."

అందరూ నా దిక్కు తిరిగిన్రు. నేను ఏదో పెద్ద ఉపన్యాసం ఇచ్చిన అనుకోకండి. గొంతు వణికింది. సొరకాయను ఎట్ల ఎండపెడతరో, లోపలి గుజ్జు ఎట్ల తీస్తరో చెప్పిన. డోలు గురించి చెప్పిన. వేల్పుల కథలు బట్ట మీద బొమ్మలు గీసిన పడిగెలల్ల ఉంటయని, అవి చూసి డోలీలు పాడతరని, గట్టు పేరు చెప్తే ఎవరు అన్నదమ్ములో, ఎవరితోని పెండ్లి కలుస్తదో తెలుస్తదని చెప్పిన. పొద్దున మింగిన సకిని రామచంద్రయ్య గారి పేరు అప్పుడు చెప్పిన. మేడం నోట్‌బుక్ తీసి రాసుకున్నది. గైడ్ మైకు కిందికి దించి విన్నడు.

ఒక అమ్మాయి అడిగింది: "మీ భాషలో నీళ్లను ఏమంటారు?"

"ఏర్."

"అరే, తెలుగులో ఏరు అంటే వాగు కదా, దగ్గరగనే ఉంది" అన్నది సంబరంగ. ఆమెకు అది కొత్త మాట. నాకేమో గంటన్నర కింద కాదన్న నీళ్లు గుర్తొచ్చినయ్.

బస్సు ఎక్కేముందు కరకట్ట మీద చాయ్ తాగినం. గైడ్ నా పక్కకు వచ్చిండు. "తమ్ముడూ, నేను అట్ల అన్నందుకు ఏమనుకోకు. నాకు చెప్పినోళ్లు ఇంతే చెప్పిన్రు, పుస్తకంలో కూడా ఇంతే ఉంది. మీలాంటోళ్లు చెప్తే నేనూ చెప్తా గదా" అన్నడు. నా నంబర్ తీసుకున్నడు. నాకు కోపం రాలే. దమ్మక్క కథ ఒక్క మాటకు కుంచించుకపోయిందంటే చెప్పేటోళ్లు కుదించుడు ఒక్కటే కారణం కాదు. తెలిసినోళ్లు కూడా వరుసల నిలబడి, చేతులు కట్టుకొని, ఊకుంటున్నరు. ఆ రోజు పొద్దున నుంచి నేను చేసింది అదే.

బాపమ్మకు ఫోన్ చేసిన. రేగుపండ్ల ముచ్చట చెప్పిన. సిగ్గుపడి మన మాట మాట్లాడలే అని కూడా చెప్పిన. మన భాషను దాచినందుకు తిడుతదనుకున్న. ఆమె దాని గురించి అసలు మాట్లాడలే.

"ఏర్ ఇస్తే వద్దన్నవా?" అన్నది.

"ఊఁ."

"దూప లేకున్నా ఒక్క గుక్క తాగాలె బిడ్డా. ఇంటికి వచ్చినోనికి మొదలు ఏర్ ఇస్తం. తీసుకోకుంటే కోపం ఉన్నదనుకుంటరు. ఆ ముసల్ది రాత్రంతా ఏమనుకుంటదో."

నేను నా పరువు గురించి, నా గుర్తింపు గురించి ఆలోచిస్తున్న. బాపమ్మ ఆ ముసలామె గురించి ఆలోచించింది.

రాత్రి బస్సుల నా పక్క సీటోడు "నువ్వు ఈడోనివే అని పొద్దున చెప్తే మీ ఇంటికి పోయి చాయ్ తాగి వచ్చేటోళ్లం గదరా" అన్నడు. పేరు పెట్టినోడు వెనక సీట్ల నుంచి వచ్చి కొంచెంసేపు ఏం మాట్లాడలే. తర్వాత "నేను సరదాకు అన్న మామా, ఫస్టియర్‌ల" అన్నడు. "నాకు సరదా అనిపించలే" అన్న. మూడేండ్లకు చెప్పిన. "అప్పుడే చెప్తే మానేసేటోన్ని" అన్నడు. కావచ్చు. చెప్పనిదానికి బాధ్యత సగం నాది కూడా అని ఒప్పుకుంటున్న. కానీ పద్దెనిమిదేండ్లకు, హన్మకొండల కొత్తగ, ఒక్కడినే ఉన్నప్పుడు చెప్పుడు ఎంత కష్టమో ఈ గ్రూపుల ఉన్న హాస్టల్ తమ్ముళ్లకు, చెల్లెండ్లకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు ఈ పోస్టు ఎందుకు రాసిన అంటే రెండు సంగతులు.

ఒకటి. మీ కాలేజీ వాళ్లు కూడా భద్రాచలం, కాళేశ్వరం, రామప్ప, మేడారం తీసుకపోతరు. అప్పుడు మన ఊర్ల మీదికెల్లే పోతరు. మీకు తెలిసింది చెప్పండి. పెద్దగ అక్కర్లేదు, కొట్లాట అస్సలు అక్కర్లేదు. "దమ్మక్క గురించి ఇంకొంచెం ఉంది సార్" అంటే చాలు. మ్యూజియంకు అరగంట కాకుండ గంట అడగండి.

రెండు. బాపమ్మ మాట్లాడేది ఫోన్ల రికార్డు చేసుడు మొదలుపెట్టిన. ఆదివారం ఆదివారం ఫోన్ చేసి మాటలు అడుగుత. తెలుగు అక్షరాలతోనే ఒక నోట్‌బుక్‌ల రాసుకుంటున్న, ఇప్పటికి నూట నలభై మాటలు అయినయ్. మొదటి మాట ఏర్. దుమ్ముగూడెం, చర్ల దిక్కు అన్నలు, అక్కలు ఎవరన్న ఉంటే, మీ దగ్గర మాట మా దగ్గరి మాట కంటే గట్టిగ ఉన్నది. నేను పంపిన మాటలు సరిచూసి పెట్టండి. మీ ఇండ్లల్ల డోలీల పాటలు తెలిసిన పెద్దలుంటే ఈ ఎండాకాలం సెలవులల్లనే రికార్డు చేయండి. ఆగితే ఉండరు.

పరీక్షలు అయిపోంగనే ఇంటికి పోయేటప్పుడు ముందు భద్రాచలం పోయి, అక్కడికెల్లి పర్ణశాల పోదామనుకుంటున్న. అప్పటికి రేగుపండ్ల కాలం అయిపోతది, ఆ ముసలామె దొరుకుతదో లేదో. తునికి పండ్లో, తాటి ముంజలో అమ్ముకుంట అక్కడే ఉంటే నేనే ఏర్ అడిగి తాగుత. మన మాటల్లనే అడుగుత, తప్పులు పోయినా సరే.

సేవా జోహార్.